రోహిణి కార్తెలో మాడిన పెరడు

ఏడు కాకుండానే ఎండ పెరట్లోకి దిగింది. సూర్యావతిగారు కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి మల్లెపాదు దగ్గర వంగి చూశారు. ఆకుల అంచులు మాడిపోయాయి. తాటాకు పందిరి కింద నీడలో పెట్టిన క్రోటన్లు కూడా తలలు వేలేశాయి. భీమవరం పక్కన ఆ ఊళ్ళో ఆవిడ పెరడంటే పేరు. నడివేసవిలో సైతం పేరంటాలకి పూలు అక్కణ్ణించే వెళ్ళేవి.

"శ్రీసత్యా! నిన్న నీళ్ళు పోశావా?"

"పోశానండి అత్తయ్యగారూ. పొద్దున్నా, సాయంత్రమూ. మొదళ్ళకి గడ్డి కూడా కప్పానండి."

"మరి ఇదేంటమ్మా? నేను కాపరానికొచ్చాక ఎన్ని రోహిణి కార్తెలు చూడలేదు! నువ్వు గొట్టం పట్టుకున్నావు, పెరడు వల్లకాడైంది."

సరిగ్గా అప్పుడే పూలకోసం పక్కింటి అచ్చాయమ్మ వచ్చింది. "మల్లెలు లేవాండి?"

"ఎక్కణ్ణించొస్తాయి? మా కోడలి చెయ్యి మంచిది కాదు."

పెళ్ళై ఏడాది తిరగని పిల్ల. అచ్చిరాని చెయ్యి అన్న మాట మొక్కల దగ్గరే ఆగుతుందా? రేపు కడుపు పండకపోయినా, బర్రె పాలివ్వకపోయినా జనానికి ఆ చెయ్యే గుర్తొస్తుంది. శ్రీసత్యకి ఆ సంగతి తెలుసు. గొట్టం కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆనాటినుంచి సూర్యావతిగారే నీళ్ళు పెట్టారు. వారం తిరక్కుండా నందివర్ధనం ఆకు రాల్చింది. ఎండ దెబ్బేమోనని ఇంకా ఎక్కువ పోశారు. మొక్కలు ఇంకా తొందరగా పోయాయి. ఓ పొద్దున చెమటకి తాళలేక గొట్టంతోనే మొహం కడుక్కోబోయి, నోట్లోకి వెళ్ళిన నీళ్ళని థూ అని ఉమ్మేశారు. ఒకటే ఉప్పు. ఇంట్లోకి పంచాయతీ కుళాయి నీళ్ళు వాడతారు. బోరు నీళ్ళు పెరటికే కాబట్టి ఆవిడెప్పుడూ రుచి చూసింది లేదు.

గోడ అవతలికి చూశారు. నిరుడు వరి పండిన చేలో కొడుకు ఫణీంద్ర తవ్వించిన రొయ్యల చెరువు, ఉప్పుటేటి నీళ్ళతో నిండుగా ఉంది.

ఫణీంద్ర మోటార్‌సైకిల్ తీస్తుంటే అడ్డం నిలబడ్డారు.

"బోరు నీళ్ళు ఎప్పణ్ణించి ఉప్పగా ఉన్నాయిరా?"

"ఎండాకాలం కదమ్మా, కొంచెం..."

"కొంచెమా? తాగి చూడు!"

ఫణీంద్ర నేల చూపులు చూశాడు. "రొయ్యలు పట్టి అమ్ముకున్నాక చెబుదామనుకున్నాను. ముందే తెలిస్తే చెరువు తీసెయ్యమంటావని..."

"సత్యకి తెలుసా?"

"ముందు కనిపెట్టింది తనే. నేనే నోరెత్తొద్దన్నాను."

"అయితే నీ పెళ్ళాన్ని నేను అంతంత మాటంటుంటే వింటూ కూర్చున్నావన్నమాట! సిగ్గులేదట్రా?"

గుమ్మంలోంచి శ్రీసత్య మెల్లగా అంది. "మీరూ ఆయనా గొడవపడతారని ఊరుకున్నానండి."

సూర్యావతిగారికి తల కొట్టేసినట్టయింది. కోడలి చెయ్యి పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా అచ్చాయమ్మ ఇంటికి నడిచారు. చెరువు సంగతి ఊళ్ళో పడుతుందని వెనకనుంచి ఫణీంద్ర మొత్తుకున్నా వినలేదు.

అరుగు మీద అచ్చాయమ్మతో బాటు నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు.

"అచ్చాయమ్మా, ఆవేళ నీ ఎదుట మా కోడల్ని ఒక మాటన్నాను. అది తప్పు. మా చెరువు ఉప్పు బోర్లోకి దిగి మొక్కల్ని చంపింది. దీనికి తెలిసి కూడా నా చేత మాటలు పడింది." అరుగు మీదున్న అందరివైపూ తిరిగారు. "మీ బోరు నీళ్ళు కూడా ఓసారి నోట్లో వేసుకుని చూడండి."

శ్రీసత్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

అచ్చాయమ్మ దొడ్లోకెళ్ళి బోరు కొట్టి, దోసిలి పట్టి చప్పరించింది. ఉప్పే. తన కోడలు రోజూ నీళ్ళు పోసినా ఎండిపోయిన కనకాంబరాల మడివైపు చూసింది. తర్వాత వంటింటివైపు తిరిగి, కోడల్ని ఏనాడూ పిలవనంత మెత్తగా పిలిచింది.

"అమ్మాయ్, ఓసారి ఇలా రామ్మా."