కిటికీ గట్టు మీద నల్లబండ

ఆ వీధి చివరింటికి చెడ్డపేరు నిన్నా మొన్నా వచ్చింది కాదు.

ఎవరో కట్టడం మొదలుపెట్టి, గోడలు లేపి, పైన స్లాబు వేసి, ఎందుకో అక్కడితో వదిలేసి పోయారు. గుమ్మాలకి తలుపుల్లేవు, కిటికీలకి రెక్కల్లేవు. చీకటి పడితే ఆ కంతల్లోంచి ఏదో చూస్తున్నట్టే ఉండేదట. లోపల ఎవరో నడిచిన చప్పుడు... దేన్నో ఎత్తి దించిన చప్పుడు... విన్నవాళ్ళున్నారు. విన్నవాళ్ళు తమకి బాగా తెలుసని చెప్పేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఆ దారిన పోవాల్సొస్తే మగాళ్ళు కూడా ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకపోయినా గట్టిగా మాట్లాడుకుంటూ పోయేవారు.

అలాంటి ఇంటిని కొన్నాడు మన సరేగారు.

ఆయన టైలరు. ఆయనకీ ఓ పేరుంది. కానీ ఎవరేమన్నా ‘సరే’ తప్ప ఇంకో మాట నోట రాని మనిషి కాబట్టి ఈ పేరే ఖాయమైపోయింది. కాలరు పెద్దది పెట్టమంటే సరే. పెట్టాక చిన్నది చెయ్యమంటే సరే. సగం రేటుకి ఇంత పెద్ద ఇల్లు మళ్ళీ దొరకదు, కొందామని భార్య అంటే సరే అన్నాడు. నేనుండగా ఏ దెయ్యంరా నీ జోలికొచ్చేది అని అక్క అంటే దానికీ సరే అన్నాడు.

అక్కంటే చిన్నప్పుడే తల్లి పోయిన ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. పక్క వీధిలోనే ఉంటుంది. తమ్ముడికి ఏది మంచిదో తమ్ముడికంటే ముందు తనకే తెలుస్తుందని ఆవిడ నమ్మకం. భార్య నమ్మకం కూడా సరిగ్గా అదే. ఇద్దరికీ తెలిసిన మంచి మాత్రం ఎప్పుడూ ఒకటి కాదు.

ఇక మిగిలిన పని చెయ్యడానికి వచ్చిన మేస్త్రి ఊళ్ళో చాలా ఇళ్ళు చూసినవాడు. టైల్స్ దగ్గర మొగుడూ పెళ్ళాలు మాటలు మానేసుకోవడం, పరిచిన నేల మళ్ళీ తవ్వించడం, ఆ నింద తన నెత్తికి రావడం... అన్నీ అయ్యాయి. అందుకే ఒక కట్టడి పెట్టుకున్నాడు.

“చూడండమ్మా, మీ ఇంట్లో మీరేమనుకుంటారో నాకనవసరం. ఏ గదికి ఏది వెయ్యాలో ఆ ముక్క ఆ గది కిటికీ గట్టు మీద పెట్టండి. పొద్దున నేనొచ్చేసరికి అక్కడ ఏముంటే టైల్స్ డిపోకి వెళ్ళి అదే తెస్తా, అదే పరుస్తా. ఇక ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా తవ్వను.”

అందరూ బాగుందన్నారు. సరేగారు సరే అన్నాడు.

అక్కణ్ణించి మొదలైంది... తమాషా.

స్నానాలగదికి మీగడరంగు టైలు పెట్టి వచ్చింది భార్య. పొద్దున చూస్తే గట్టు మీద నీలంరంగుది ఉంది. మేస్త్రి అప్పటికే డిపోకి వెళ్ళిపోయాడు. వంటగట్టుకి అక్క ఆకుపచ్చ రాయి ఎంచి, తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళి మరీ పెట్టించింది. తెల్లారేసరికి ఆకుపచ్చ రాయి ఇసకలో పడుంది. గట్టు మీద గోధుమరంగు రాయి కూర్చుంది. ముందుగదికి మూడు రకాలు మారి చివరికి ఎవరూ ఒప్పుకోని రకం పడింది.

“ఏవండీ, మీరు గానీ మార్చారా?” అంది భార్య.

“నేనా?” అన్నాడాయన. నిజంగానే మార్చలేదు.

“ఒరేయ్ తమ్ముడూ, నువ్వేమైనా ముట్టుకున్నావా?” అంది అక్క.

“అబ్బే!”

భార్యకి వదినగారి మీద అనుమానం రాలేదా అంటే, రాకేం. బాగానే వచ్చింది. అక్కకీ మరదలి మీద వచ్చింది. కానీ ఆ మాట పైకి అంటే ఇంట్లో అగ్గి రాజుకుంటుంది. అదే దెయ్యం అనుకోండి, ఏ గొడవా లేదు. దెయ్యానికి పుట్టింటివాళ్ళుండరు, నాలుగు రోజులు అలిగి అన్నం మానెయ్యదు. అందుకని ఇద్దరూ ఒకే మాట మీదకొచ్చారు... ఇది దానిపనే.

వీధి వీధంతా ఒళ్ళు జలదరించింది. ఇంటికున్న పాత చెడ్డపేరు కొత్త సున్నం కొట్టినట్టు తళతళలాడింది. గోధుమరంగు రాయి చూసిపోయిన ఒకావిడైతే, ఏమాటకామాటే చెప్పుకోవాలి, దెయ్యమైనా దానికి మంచి అభిరుచి ఉందంది.

ఇంట్లో మాత్రం ఈ కథని పూర్తిగా, మనస్ఫూర్తిగా నమ్మినవాడు ఒక్కడే. సరేగారు.

అన్నీ అయిపోయి చివరికి ఒక్క గది మిగిలింది. వీధివైపు చిన్నగది. సరేగారి మిషను పెట్టుకోవాల్సిన గది.

అక్క దానికి పువ్వుల టైలు అంది. వచ్చేపోయే ఖాతాదార్లకి కళ్ళకి నిండుగా ఉంటుంది. సరే అన్నాడు. భార్య చుక్కల బండ అంది. దుమ్ము పడ్డా కనపడదు, మాటిమాటికీ తుడవక్కర్లేదు. సరే అన్నాడు.

కానీ ఈసారి ఆ రెండు సరేలూ గొంతులో ముల్లులా గుచ్చుకున్నాయి.

ఎందుకంటే... ఆయన ఇన్నేళ్ళూ కుట్టింది చుక్కల నేల మీదే. అద్దెకొట్లో నల్లచుక్క, తెల్లచుక్క, బూడిదచుక్క కలిసిన నేల. చేతిలోంచి సూది జారిందా, ఇక అంతే. మోకాళ్ళ మీద పాకాలి. చెంప నేలకానించి వెతకాలి. అంత వెతికినా దొరక్క, ఆ సూది ఓ ఖాతాదారు చిన్నకూతురి పాదంలో దిగిన రోజొకటుంది. ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పువ్వుల టైలైతే మరీ అన్యాయం. ఒక్కో రేకూ సూదిలాగే కనపడుతుంది.

ఆయనకి కావలసింది ఒకే ఒక్కటి. నల్లటి, నున్నటి, ఉత్త బండ. గీత లేదు, చుక్క లేదు. సూది పడితే చీకటాకాశంలో నెలవంకలా మెరవాలి. ఇంత పెద్ద ఇంట్లో ఆయన మనసు పడింది ఆ చిన్నగది నేల మీదే.

భోజనాల దగ్గర చెబుదామని చూశాడు. అక్క కూడా ఉంది.

“ఆ చిన్నగదికి... నాకూ...”

ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు.

“ఏమిటి?”

“పప్పులో ఉప్పు సరిపోయిందంటున్నా,” అన్నాడు.

మర్నాడు డిపోకి వెళ్ళి నల్లబండ ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. కొట్లో గుడ్డల కింద దాచాడు. రాత్రికి అర్జంటు ఆర్డరుంది, రావడం ఆలస్యమవుతుందని భార్యకి చెప్పాడు. ఆవిడెందుకో వెంటనే ఒప్పేసుకుంది.

వీధి సద్దుమణిగాక బయల్దేరాడు. దెయ్యం ఉందని గట్టిగా నమ్మే మనిషి, ఆ దెయ్యం ఎంచుకునే పనిలో తలదూర్చడానికి వెళుతున్నాడు. అడుగడుక్కీ వెనక్కి పోదామనిపించింది. చంకలో రాయి బరువు, గుండెలో అంతకి రెట్టింపు.

ఇంట్లో కరెంటు ఇంకా రాలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే తడి సిమెంటు వాసన, చల్లటి గాలి. తన అడుగుల చప్పుడు గోడలకి తగిలి ఒక క్షణం ఆలస్యంగా తిరిగొస్తోంది... వెనక ఇంకెవరో నడుస్తున్నట్టు.

చిన్నగదిలో గట్టు మీద చుక్కల బండ ఉంది. తీసి పక్కన పెట్టాడు. నల్లబండ పెట్టాడు.

‘తప్పైతే క్షమించు,’ అన్నాడు మనసులో. దెయ్యంతోనే.

అప్పుడు వినపడింది.

సర్... సర్... సర్...

ఎవరో కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నారు. బయటికి పోయే దారిలోంచే వస్తున్నారు. సరేగారికి పైప్రాణాలు పైనే పోయాయి. మూల ఉన్న సిమెంటు బస్తాల వెనక్కి ఎలా చేరాడో ఆయనకే తెలీదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మళ్ళీ ఉండబట్టలేక ఒక కన్ను తెరిచాడు.

తెల్లటి ముసుగు. కింద మసగ్గా చిన్న వెలుగు. అది గట్టు దగ్గరికొచ్చి ఆగింది. చెయ్యి చాచింది... చాచి, నెమ్మదిగా గొణిగింది.

“హమ్మ నా మరదలా... నల్లబండా?”

అక్క!

తెల్ల దుప్పటి కప్పుకున్న అక్క. కొంగు చాటునుంచి పువ్వుల టైలు తీసింది. సరేగారికి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. అంతలోనే గుమ్మం దగ్గర ఇంకో అలికిడి. ఇంకో వెలుగు. ఆ వెలుగు ఈ వెలుగుని చూసి కెవ్వుమనబోయి, నోరు నొక్కుకుంది.

“వదినా... మీరా!”

“నువ్వా అమ్మాయ్! ఈ వేళప్పుడు ఇక్కడ నీకేం పని?”

“మీకేం పనో నాకూ అదే పని,” అంది భార్య. ఆవిడ చేతిలో ఇంకో చుక్కల బండ ముక్క ఉంది.

కాసేపు ఇద్దరూ గుసగుసగా, ఊపిరాడకుండా పోట్లాడుకున్నారు. నీలం టైలు మీరా అని ఈవిడ. గోధుమ రాయి నువ్వా అని ఆవిడ. ఇన్నాళ్ళూ వీధిని వణికించిన దెయ్యం రెండు ముక్కలై ఎదురెదురుగా నిలబడి లెక్కలు తేల్చుకుంటోంది. బస్తాల వెనక, వాళ్ళింట్లో దెయ్యాన్ని నమ్మిన ఏకైక మనిషి నోరు తెరుచుకుని వింటున్నాడు.

“సరే గానీ,” అంది అక్క, “అన్నీ మార్చావు, ఒప్పుకున్నాను. ఈ నల్లబండేమిటి మరీ శ్మశానంలో పెట్టినట్టు?”

“నేను పెట్టలేదే. మీరు కదూ?”

“నేనెందుకు పెడతాను?”

రెండు వెలుగులూ ఒకేసారి నల్లబండ మీదకి తిరిగాయి.

మీకర్థమైంది కదా. ఇంతవరకూ ఇద్దరికీ భయం లేదు. దెయ్యమెవరో ఎవరికి వారికి తెలుసు కాబట్టి చీకట్లో ఒంటరిగా ధైర్యంగా వచ్చారు. కానీ ఇది తనదీ కాదు, ఆవిడదీ కాదు. మరైతే... ఎవరిది?

ఆయన పెట్టి ఉంటారేమో అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

“వదినా... నాకు భయమేస్తోంది.”

“భయమెందుకు... ముందు దాన్ని తీసి బయట పారెయ్యి. చుక్కల బండే వేయించుకో పోనీ, చుట్టూ అంచుకి నా పువ్వులు వేద్దాం.” అంటూనే అక్క గట్టుకి దూరంగా జరిగింది.

చుక్కలు, చుట్టూ పువ్వులు! సరేగారి కళ్ళ ముందు మిగిలిన జీవితమంతా మోకాళ్ళ మీద పాకుతూ పోయింది. భార్య నల్లబండని రెండు చేతుల్తో ఎత్తింది. కిటికీ బయటికి చాచింది. ఇక వదలడమే...

“వద్దు.”

ఆ మాట ఎవరన్నారో ఒక క్షణం ఆయనకే తెలీలేదు.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. అక్క చేతిలో ఫోను కిందపడి ఆరిపోయింది.

“వద్దు,” అన్నాడు మళ్ళీ. ఈసారి రావడం సులువైంది. ఉత్త గోడల మధ్య ఆ మాట మూలమూలా తిరిగింది. “అది అక్కడే పెట్టు. ఈ గదిలో నల్లబండే.”

భార్య పెట్టింది. బోర్లా పడకుండా, సరిగ్గా, మెల్లగా పెట్టింది. పెట్టిన మరుక్షణం ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లగెత్తారు. భార్య కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకోవడం అదే మొదలు.

సరేగారు బస్తాల మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము. నవ్వొచ్చింది. కళ్ళవెంట నీళ్ళూ వచ్చాయి. రేపు పొద్దున చెప్పేస్తాను, అనుకున్నాడు. ఎంత నవ్వుకుంటారో! ఇక మీదట ఏదైనా కావాలంటే అడిగేస్తాను, వద్దంటే వద్దనేస్తాను... ఇంత తేలికనుకోలేదు. ఈలవేసుకుంటూ ఇంటికెళ్ళాడు. భార్య దుప్పటి నిండా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

పొద్దున ఆయన వెళ్ళేసరికి చిన్నగదిలో నల్లబండలు సగం పరిచేశాడు మేస్త్రి. గుమ్మం బయట అక్క, భార్య నిలబడి చేతులు తిప్పుకుంటూ అతనికి జరిగిందంతా చెబుతున్నారు. రాత్రి తాము వచ్చిన సంగతి దాచాలన్న ధ్యాసే లేదు వాళ్ళకి. భయం ముందు పరువు నిలవలేదు.

“మగగొంతు. ‘వద్దు’ అంది. అంతే, ప్రాణం జల్లుమంది,” అంటోంది అక్క.

“ఎవరి గొంతులా ఉందమ్మా?” అన్నాడు మేస్త్రి.

“ఎవరి గొంతులానూ లేదు.”

మేస్త్రి బండని సుతిమెత్తగా తడుతూ, సరేగారిని చూసి కన్నుగీటాడు. “మన సారే ఎక్కడో దాక్కుని అన్నారేమో!”

సరేగారు ఒకడుగు ముందుకేశాడు. సరిగ్గా ఇదే అదను. నోరు తెరిచాడు.

అక్క, భార్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత పకపకా నవ్వారు. నిన్న రాత్రి నుంచీ బిగబట్టిన భయమంతా వదిలిపోయేలా, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

“మా తమ్ముడా! వాడికి మాటలొచ్చిన్నాటి నుంచీ వింటున్నాను మేస్త్రీ. వాడిదైతే నాకు తెలీదూ?”

“ఆయన గొంతు నేను నిద్దట్లో కూడా గుర్తుపడతాను,” అంది భార్య. ఆవిడ నవ్వు నెమ్మదిగా తగ్గింది. “అది వేరే ఎవరో. గట్టి మనిషి. అలాంటివాడు మా ఇంట్లో ఎవరూ లేరు.”

ఎండ బాగా కాస్తోంది. వీధిలో జనం తిరుగుతున్నారు. రాత్రి అంత చీకట్లో బస్తాల వెనక కూడా రానంత చలి సరేగారి వెన్నులోంచి పాకింది. తెరిచిన నోరు మెల్లగా మూసుకుని, ఆయన కూడా వాళ్ళతో పాటు చిన్నగదిలోకి భయంభయంగా తొంగిచూశాడు.