ఉత్తరేణి సాక్ష్యం

2091లో కడప జనం గడప దగ్గర చెప్పులు విప్పకముందే బట్టలు దులుపుకుంటున్నారు. పంచె అంచున గానీ, చీర కుచ్చెళ్లలో గానీ ఒక్క గింజ మిగిలిందా, కొంప మునిగినట్టే. దీనికంతా కారణం డాక్టర్ వకుళ కనిపెట్టిన ‘గింజెరుక’.

పాపం, ఆమె ఉద్దేశం వేరు. దారిపక్క పెరిగి, వచ్చేపోయేవాళ్ల బట్టలకు అంటుకునే ఉత్తరేణి గింజ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొండవాలులో సన్నగా, పొడుగ్గా సాగుతుంది. మెట్టనేలలో పొట్టిగా, బొద్దుగా తయారవుతుంది. నేల, నీరు, నీడ ఏది మారినా దాని రూపూ మారుతుంది. ఆ రూపాన్ని లేజర్‌తో కొలిచి, డ్రోన్లు తెచ్చిన లక్షల గింజలతో పోల్చి, అది పుట్టిన చోటు చెప్పే ఆకారమాపకం ఇది. ఎండలు ముదిరి అడవి మొక్కలు చోటు వెతుక్కుంటున్న కాలం కదా, ఏ విత్తనాన్ని ఎక్కడ నాటాలో తెలుస్తుందని ఆమె ఆశ. జనం మాత్రం మొగుడి పంచెకు అంటుకున్న గింజలు పట్టుకుని, ఎక్కడ తిరిగొచ్చాడో తేల్చమని క్యూ కట్టారు.

ఆ రోజు చివరి పరీక్ష. రాజధాని నుంచి శరభయ్య అనే అధికారి వచ్చారు. వంద గింజల్లో ఒక్కటి తప్పినా వకుళ పన్నెండేళ్ల కష్టం అటకెక్కుతుంది. తొంభై తొమ్మిది సరిపోయాయి. నూరోది ఆమె భర్త ఓబులేశు తెచ్చాడు.

“మా ఆవిడ చీరకు అంటుకున్నింది సార్. దినామూ పొద్దున్నే పాలకొండల్లో నడకకు పోతాంది.”

వకుళ చటుక్కున చీర కుచ్చెళ్లు చూసుకుంది. మొగుడూ పెళ్లాలిద్దరికీ బీపీ ఉండడంతో, ఉగాదినాడు బజ్జీలు మానేస్తామని ఒట్టేసుకున్నారు మరి.

యంత్రం గొంతు సవరించుకుంది. “పొట్టి గింజ. నూనె చిందిన మన్ను. బుగ్గవంక గట్టు, బజ్జీల బండి వెనక.”

“కొండ కాదంటోందే! తప్పని రాసుకోమంటారా డాక్టరుగారూ?” అన్నారు శరభయ్య, కలం తీసి.

‘ఒక్కోసారి యంత్రం కూడా పొరపడుతుంది సార్’ అన్న మాట వకుళ నాలుక చివరిదాకా వచ్చింది. పన్నెండేళ్లు గుర్తొచ్చి దాన్ని మింగేసింది. సిగ్గుతో తల వంచుకుంది.

“యంత్రం చెప్పిందే నిజం సార్. నేను కొండెక్కి మూడు నెలలాయె.”

ఓబులేశు తొడ చరిచి నవ్వాడు. “నాకు ముందే తెలుసులేమ్మే! కండ్లారా చూసినా గదా!”

“చూసినావా? యాడ నిలబడి?”

నవ్వు ఆగిపోయింది. పెళ్లాం చీర వెతికే హడావిడిలో ఆ మహానుభావుడు తన పంచె దులుపుకోవడం మరిచాడు. వకుళ దాని అంచున పట్టుకున్న గింజను లాగి యంత్రంలో వేసింది.

“అదే గట్టు,” అంది యంత్రం. “బండికి ముందు పక్క. ఈ గింజదీ నూనె మన్నే.”

గదంతా గొల్లుమంది. శరభయ్య కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. “నూటొక్కటీ సరిపోయాయమ్మా! ఇక ప్రతి జిల్లాకూ పంపుతాం,” అంటూ కుడిచేత్తో సంతకం పెట్టారు. ఎడమచేత్తో బల్ల కింద ప్యాంటు అంచు దులుపుకుంటున్నారు.