బతికున్న లాంప్‌షేడ్

"తేజా రకం ఎంత పలికిందయ్యా?"

"తాలు కాయ ఎక్కువొచ్చిందండి."

వింటే ఎవరో మిర్చి రైతుల మాటల్లాగే ఉంటాయి. అడిగింది ఢిల్లీలో కూర్చున్న చీఫ్ నాగేంద్రబాబు. జవాబు చెప్పింది అద్దంకి పొలాల మధ్య స్టూడెంట్ వేషంలో ఉన్న ఏజెంట్. ఈ మిషన్‌కి అతని పేరు చైతన్యకృష్ణ. ఈ కోడ్ కాల్ తప్ప నెలల తరబడి అతని ఫోన్ మోగలేదు. అందుకే చీఫ్ కసురుకున్నా అతనికి హాయిగానే ఉండేది.

"లైన్ సేఫ్. చెప్పండి సార్."

"ల్యాబ్ నుంచి లీక్ చేస్తోంది ఎవరో తెలిసింది. నీ పార్ట్‌నర్ సిద్దికా."

చైతన్య ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"మనకి పనిచేస్తూనే విదేశీ ముఠాకీ పనిచేస్తోంది. డబుల్ ఏజెంట్. ఈ మధ్యాహ్నం ఎగ్జిబిషన్ పేరు చెప్పి ఒక లాంప్‌షేడ్ పట్టుకెళ్తోంది. అందులో మెటీరియల్ బతికే ఉంది. దాన్ని చంపెయ్. ఆవిణ్ణి మాత్రం వెళ్ళనివ్వు. కొనేవాళ్ళ దాకా ఫాలో అవుతాం."

"చచ్చిన సరుకు చేతికిస్తే వాళ్ళు ఆవిణ్ణి బతకనిస్తారా సార్?"

"అది మన సబ్జెక్ట్ కాదు."

ఫోన్ కట్.

పొగాకు ఆరబెట్టే పాడుబడ్డ బ్యారన్‌ని, దాని పక్క షెడ్డునీ శ్రీరమ్య మేడం ల్యాబ్‌గా మార్చింది. ఆర్ట్ చదివినవాళ్ళూ సైన్స్ చదివినవాళ్ళూ అక్కడ జంటలుగా ప్రాజెక్టులు చేస్తారు. పత్తి కట్టె పొడిలో పుట్టగొడుగు విత్తనం కలిపి అచ్చులో నొక్కితే, తెల్లటి బూజు అల్లుకుని థర్మోకోల్‌లా గట్టిపడుతుంది. తర్వాత బ్యారన్ వేడిలో క్యూరింగ్ చేసి ఆ బూజుని చంపాలి. చంపకపోతే చిటికెడు చాలు, ఎక్కడైనా మళ్ళీ పెంచుకోవచ్చు. ఇక్కడి ఎండలకి తట్టుకునే రకం అదొక్కటే. అది బయటికి పోతే పేటెంట్ వాళ్ళది, పత్తి కట్టె మనది. ఇంత మర్యాదైన దోపిడీ ఇంకోటి ఉండదు.

సిద్దికాది చీరాల. పేరున్న డిజైనర్. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన చేనేత చీర, చైతన్యకి ప్రాజెక్ట్ పార్ట్‌నర్. రోజూ తన క్యారియర్‌లో సగం అతనికి పెట్టేది. భూమ్మీద అతన్ని పేరు పెట్టి పిలిచే మనిషి ఆవిడొక్కతే, అదీ దొంగపేరు.

ప్యాకింగ్ బల్ల మీద లాంప్‌షేడ్ రెడీగా ఉంది. తేమ కొలిచే పెన్ను ఒకటి డిపార్ట్‌మెంట్ ఇచ్చింది గానీ, మార్చి ఎండకే అది చచ్చింది. చైతన్య షేడ్‌ని చేత్తో ఎత్తి చూశాడు. క్యూరింగ్ అయినవి మరమరాల్లా తేలిగ్గా ఉంటాయి. ఇది బరువుగా ఉంది. ప్లాస్టిక్ కవర్ లోపల నీటి చుక్కలు పట్టాయి. చీఫ్ పొరబడ్డాడేమో అనుకున్న ఆశ అక్కడితో పోయింది. ఏడుపొచ్చినంత పనైంది.

సిద్దికా అవతల శ్రీరమ్య మేడం గదిలో టీ తాగుతూ వీడ్కోలు చెబుతోంది. బ్యారన్ ఇంకో బ్యాచ్ కోసం అప్పటికే కాగుతోంది. షేడ్‌ని లోపల పెట్టి తలుపు మూశాడు.

గంట తర్వాత కారు హారన్ మోగింది. సిద్దికా చెప్పుల చప్పుడు వినిపించింది. షేడ్ తీసి, కవర్ తొడిగి, పెట్టెలో పెట్టేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది.

"ఇటివ్వు చైతన్యా, నేనే పట్టుకుంటా."

పెట్టె మరీ తేలిగ్గా లేవగానే ఆవిడ మొహం పాలిపోయింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. అందులో పిస్టల్ ఉంటుందని అతనికి తెలుసు. అతని దగ్గర వేడికి కమిలిన చేతులు తప్ప ఏమీ లేవు.

"నువ్వూ ఏజెంటువేనా?"

"అవునండి."

"ఇది పట్టుకెళ్తే వాళ్ళు నన్ను చంపేస్తారు, తెలుసా?"

"తెలుసు. డ్రైవర్ మొహిద్దీన్ బాషా మావాడే. ఎయిర్‌పోర్టుకి పొమ్మంటే అటు పోతాడు. గుంటూరులో మా ఆఫీసుకి పొమ్మంటే అటూ పోతాడు. ముఠా పేర్లు చెప్పండి, బతుకుతారు. ఇది నా ఆర్డర్ కాదు సిద్దికా గారూ, నా మాట."

ఆవిడ ఒకసారి కారు వైపు చూసింది. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. పెట్టె బల్ల మీద పెట్టింది.

"క్యూరింగ్ మాత్రం బాగా చేశావు. ఎక్కడా మాడలేదు."

కారు గుంటూరు రోడ్డెక్కింది. ఆ సాయంత్రం చైతన్య ఒక్కడే అన్నం తిన్నాడు. ఎవరూ ఇంకొంచెం పెట్టుకోమనలేదు.

రెండు రోజుల తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. "ముఠా మొత్తం దొరికింది. ఆర్డర్ తప్పినందుకు నీకు మెమో వస్తుంది. కొత్త పేరు కూడా పంపిస్తాం. ఆవిడ పోతూ ఏమన్నా అందా?"

"నా పని బాగుందంది సార్. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట ఎవరూ అనలేదు."

అవతల ఫోన్ ఎప్పుడో పెట్టేశారు.