తీయకూడని సొట్ట

"తలుపు ఒక్కటే బాగుచెయ్యండి. ఈ ముందు మడ్‌గార్డు జోలికి మాత్రం వెళ్ళొద్దు."

బండి దిగీ దిగకముందే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, ఎంతవుతుందన్న బేరం లేదు. తెనాలి కాలవ పక్కన ఉన్న ఆ టింకరింగ్ షెడ్డుకి వచ్చినవాళ్ళెవరూ మధుబాబుతో అలా మాట్లాడలేదు.

అతను జవాబివ్వకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. లేత నీలం ప్రీమియర్ పద్మిని, ఎనభై నాలుగు మోడలు. ఎండకి వెలిసింది, అంచుల్లో పెచ్చులు లేచింది. అయినా ఒంటి మీద ఉన్నది కంపెనీలో వేసిన రంగే.

"ఒక్కసారి కూడా రంగు కొట్టించలేదాండీ?"

"లేదు. కొట్టించను. మీరూ కొట్టకూడదు. రంగు చెదరకుండా సొట్టలు తీస్తారని ఎవరో చెబితే రేపల్లె నుంచి వచ్చాను."

వెనక తలుపుని రేపల్లె స్టేషను దగ్గర ఏదో ఆటో గీరుకుంటూ పోయింది. అది చిన్న పనే. ముందు కుడివైపు మడ్‌గార్డు మీద మాత్రం పళ్ళెమంత సొట్ట ఉంది. ఆ సొట్ట చూస్తుంటే మధుబాబు చెయ్యి దురద పెట్టింది.

"మడ్‌గార్డుకి ఇంత సొట్ట ఉంచుకుని తలుపొక్కటే ఏంటండి? చొక్కా ఇస్త్రీ చేసి ఒక చెయ్యి వదిలేసినట్టుంటది."

"నా చొక్కా. నా చెయ్యి. మీకేంటండీ?"

"నాకేం లేదండి. మా షెడ్డులోంచి సొట్టతో బండి బయటికెళ్తే ఊళ్ళో నవ్వుతారు."

"నవ్వనివ్వండి. కారణం అడగొద్దు, ఆ సొట్ట ముట్టొద్దు. సరేనా?"

"సరేనండి," అన్నాడు మధుబాబు. ఆ సరేని అతను నిలబెట్టుకుని ఉంటే ఈ కథ లేదు, అతనికి ఆ ఏడుపూ లేదు.

ఆ అమ్మాయి పేరు వాగ్దేవి. ఉద్యోగం బాపట్లలో, ఒక బ్యాంకులో. ఇల్లు రేపల్లెలో. రోజూ రైల్లోనే వెళ్ళి వస్తుంది. శనివారం ఒంటిపూటే కాబట్టి మధ్యాహ్నమే బాపట్ల నుంచి వచ్చి తెనాలిలో దిగి, రేపల్లె ప్యాసింజరు కోసం కాచుకుని కూర్చోవాలి. ఆ కాచుకునే సమయం ఇంతకు ముందు ప్లాట్‌ఫారం మీద గడిచేది. ఇప్పుడు షెడ్డులో గడవసాగింది.

తలుపు పని రెండు పూటల్లో అయిపోయేదే. కానీ అయిపోతే బండి వెళ్ళిపోతుంది, బండి వెళ్ళిపోతే శనివారం వెళ్ళిపోతుంది. అందుకని మన మధుబాబు దాన్ని సాగదీశాడు చూడండీ, అబ్బో!

"ఇంకా అవలేదా?" అనేది ఆమె.

"పాత రంగండి. తొందరపడితే పెళుసుగా పగిలిపోద్ది. వేడి గుడ్డ వెయ్యాలి, లోపల్నుంచి చెక్క సుత్తితో నిదానంగా తట్టాలి, చల్లారేదాకా ఆగాలి."

"పోయిన శనివారం కూడా చల్లారుతూనే ఉంది."

"ఎండాకాలం కదండీ."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పక్కకి తిరిగేది. అది అతనికి చాలు, వారం గడిచిపోయేది. ఒకసారి వాన పట్టుకుంది. రేకుల మీద హోరుకి మాట వినపడక ఇద్దరూ కేకలు వేసుకుంటూ మాట్లాడుకున్నారు. రైలు తప్పిపోయింది. ఆమె తిట్టుకోలేదు. అతను మాత్రం లోపల్లోపల దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

ఆశ పడటానికి హద్దుండాలని అతనికి తెలియక కాదు. వాళ్ళది రేపల్లెలో సంస్కృతం మాస్టారి ఇల్లు. ఆ వేంకటసుబ్రహ్మణ్యంగారు పోయి మూడేళ్ళయింది. ఇంట్లో తల్లి మంగతాయారు, ఈమె, అంతే. మధుబాబు చూస్తే లూథరన్ గుడికి వెళ్ళే టింకరు తోమాసు కొడుకు. ఎటు నుంచి చూసినా కుదిరేది కాదు. మనసు అలాంటి లెక్కలు వింటే ఇంకేం!

ఆ వాన కురిసిన తర్వాతి శనివారం ఒకటి జరిగింది. మధుబాబు టీ తెచ్చేసరికి వాగ్దేవి ఆ మడ్‌గార్డు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, సొట్టలో అరచెయ్యి పెట్టుకుని ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏంటండీ? ఏమైంది?"

"ఏం లేదు. దీన్ని చూస్తే ఏడుపొస్తుంది, అంతే. టీ ఇవ్వండి."

ఆ ఒక్క మాట అతని బుర్రలో తిష్ట వేసుకుంది. చూస్తే ఏడుపొస్తుందట. మరి తీసెయ్యమనదేం? బహుశా తీస్తే రంగు పగులుతుందని భయం. లేకపోతే అడగడానికి మొహమాటం. అంతే అయి ఉంటుంది! ఇంకేమై ఉంటుంది? పిచ్చివాడు, అలా తనకి నచ్చిన అర్థం తనే చెప్పుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అన్నానికి కూడా వెళ్ళకుండా షెడ్డు తలుపు లోపల్నుంచి వేసుకున్నాడు. చక్రం ఊడదీసి మడ్‌గార్డు కిందికి దూరాడు. వేడి గుడ్డ వేశాడు. గోరుతో మీటినంత మెల్లగా తట్టాడు. ఆగాడు. మళ్ళీ తట్టాడు. ఆ పాత రంగు ఎక్కడ చిట్లుతుందోనని ఊపిరి బిగబట్టాడు. పొద్దు వాలేసరికి సొట్ట మాయమైంది. రంగు మీద వెంట్రుకంత పగులు లేదు. వాళ్ళ నాన్న తోమాసు చేతికి కూడా ఇంత పని ఎన్నడూ రాలేదు. అది మధుబాబు పుట్టి బుద్ధెరిగాక చేసిన పనుల్లోకెల్లా గొప్ప పని.

ఇక వారమంతా అతను నేల మీద లేడు. ఆమె చూస్తుంది, ఆశ్చర్యపోతుంది, నవ్వుతుంది. అప్పుడు చెబుతాడు. ఏం చెప్పాలో కూడా అద్దం ముందు నిలబడి అనుకున్నాడు.

శనివారం వాగ్దేవి వచ్చింది. చేతిసంచీ బల్ల మీద పెట్టింది. అలవాటుగా ఆ మడ్‌గార్డు దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి ఆనించింది.

చెయ్యి జారిపోయింది. మళ్ళీ ఆనించింది. వంగి చూసింది. బండికి అవతలి పక్క ఏమోనని అటు వెళ్ళి చూసి వచ్చింది.

"ఎక్కడుంది?"

"తీసేశానండి!" మధుబాబు మొహం వెలిగిపోతోంది. "ఊరికేనే. డబ్బులేం వద్దండి. రంగు చూడండి, ఒక్క గీత..."

"ఎక్కడుందని అడుగుతున్నా!"

షెడ్డు బయట టీ తాగుతున్న వాళ్ళు కూడా తలలు తిప్పారు. మధుబాబు నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"మీరే అన్నారుగా అండీ... చూస్తే ఏడుపొస్తుందని..."

"ముట్టొద్దని కూడా అన్నాను. అది వినపడలేదా మీకు?" ఆమె మడ్‌గార్డు మీది చెయ్యి తియ్యలేదు. "మా నాన్న చివరిసారి చేసింది అదేనండీ. బజారుకెళ్ళి వస్తూ, గేటు దగ్గర మలుపు తిప్పుతుంటే గుండె ఆగిపోయింది. బండి దానంతటదే మెల్లగా వెళ్ళి స్తంభానికి తగిలింది. ఇంట్లోకి చప్పుడు వినపడింది. చిన్న చప్పుడే. ఇన్నేళ్ళొచ్చినా నాన్నకి గేటు దగ్గర బండి తిప్పడం రాలేదని నవ్వుకుంటూ బయటికొచ్చాను. నవ్వుకుంటూ! తెలుస్తోందా మీకు?"

మధుబాబు చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మ ఆ రోజు నుంచి ఈ బండి ఎక్కలేదు. దీని మొహం కూడా చూడదు. నేనొక్కదాన్నే దీన్ని తుడుచుకుంటూ బతుకుతున్నా. అందులో చెయ్యి పెడితే నాన్న దగ్గరున్నట్టు ఉండేది. ఇప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి? మీరే చెప్పండి."

తాళం చెవి తీసుకుని ఆమె తనే బండి నడుపుకుంటూ వెళ్ళిపోయింది. ఎప్పుడో సిద్ధమైన ఆ వెనక తలుపు వైపు ఆమె చూడనే లేదు.

సంగతంతా విన్న తోమాసు కొడుకుని కొట్టినంత పని చేశాడు.

"ఒరేయ్, వద్దన్న చోట చెయ్యి పెట్టే పని నేను నీకెప్పుడు నేర్పానురా? బండి ఎవరిది? సొట్ట ఎవరిది?"

"ఆ అమ్మాయి కోసమే చేశాను నాన్నా."

"ఆ అమ్మాయి కోసమైతే ఆ అమ్మాయిని అడగాల. అడక్కుండా చేశావంటే నీ కోసం చేసుకున్నట్టు."

ఆ మాటతో మధుబాబుకి రెండు రోజులు అన్నం దిగలేదు. తీసిన సొట్టని తిరిగి తేలేడు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. అయినా మనిషి మునిగిపోతున్నప్పుడు ఏదో ఒకటి పట్టుకుంటాడు కదా! తుక్కు దుకాణం నుంచి పాత పద్మిని మడ్‌గార్డు ఒకటి తెచ్చాడు. గుర్తున్నంత మేరకు ఆ సొట్ట కొట్టి చూశాడు. ఒకసారి లోతు ఎక్కువైంది. ఇంకోసారి అంచు తప్పింది. ఎంత కొట్టినా అది సుత్తి దెబ్బలాగే ఉంది. చివరికి విసిరికొట్టి, దాని పక్కనే కూలబడి ఏడ్చాడు.

ఆదివారం రేపల్లె ప్యాసింజరు ఎక్కాడు. రైస్‌మిల్లు దాటి, నలుగురిని అడుగుతూ మాస్టారి ఇల్లు పట్టుకున్నాడు. గేటు స్తంభం మీద పెచ్చు ఊడిన చోటు కనిపించింది. దాని దగ్గరే నిలబడిపోయాడు. లోపల్నుంచి వాగ్దేవే వచ్చింది.

"ఎందుకొచ్చారు?"

"తప్పు చేశానండి."

"తెలుసు."

"మీరు సరేనంటే... మళ్ళీ అక్కడే, అంతే సొట్ట పెడతానండి. ప్రయత్నం చేస్తున్నాను."

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. నవ్విందో ఏడ్చిందో అతనికి అర్థం కాలేదు.

"మీరు కొడితే అది మీ సుత్తి పెట్టిన సొట్ట అవుతుంది మధుబాబుగారూ. మా నాన్నది కాదు. వెళ్ళండి. ఇంకెప్పుడూ రాకండి."

తలుపు వేసుకుంది. తిరుగు రైల్లో మధుబాబు తలుపు దగ్గరే నిలబడ్డాడు. పక్కన వరిచేలు పోతున్నాయి, ఊళ్ళు పోతున్నాయి. అతనికి దేని మీదా చూపు నిలవలేదు. బతుకులో ఒకే ఒక్కసారి ఇష్టపడ్డాడు, ఆ ఇష్టంతోనే ఆమె నాన్నని ఆమె దగ్గర లేకుండా చేశాడు. ఇక తనకి సుత్తి పట్టే అర్హత లేదనుకున్నాడు.

నిజంగానే పట్టడం మానేశాడు. శనివారాలు వచ్చాయి, పోయాయి. బాపట్ల రైలు కూత వినపడినప్పుడల్లా అతను షెడ్డు వెనక్కి వెళ్ళిపోయేవాడు. పనులన్నీ ముసలి తోమాసు మీద పడ్డాయి. ఆయన తిట్టడం కూడా మానేశాడు.

శ్రావణం ముసుర్లలో ఒక పొద్దున, తుంపర పడుతుండగా, లేత నీలం పద్మిని వచ్చి షెడ్డు ముందు ఆగింది. వాగ్దేవి నడుపుతోంది. పక్క సీట్లో ఒక పెద్దావిడ. మధుబాబు షెడ్డు వెనక్కి వెళ్ళబోయి ఆగిపోయాడు.

పెద్దావిడ గొడుగు తెరిచి మెల్లగా దిగింది. "ఇక్కడ సొట్ట తీసింది నువ్వేనా నాయనా?"

"నేనేనండి. తప్పు నాదేనండి. ఏమన్నా పడతాను."

మంగతాయారు మడ్‌గార్డు వైపు తిరిగింది. "మూడేళ్ళు నేను వీధి అరుగు మీదికి రాలేదు. వస్తే ఇది కనపడుతుంది. ఇది కనపడితే ఆ చప్పుడు వినపడుతుంది. తీయించెయ్యమని మా అమ్మాయితో అందామంటే, ఇదేమో రోజూ పొద్దున్నే దాన్ని పట్టుకుని కూర్చునేది. ఎలా అననూ? నోరు మూసుకున్నా. మొన్న వీధి తలుపు తీసి చూద్దును గదా, సొట్ట లేదు. మా ఆయన బజారుకెళ్ళేముందు బండి ఎలా ఉండేదో అలా ఉంది. ఎక్కి కూర్చున్నాను."

వాగ్దేవి స్టీరింగ్ దగ్గరే కూర్చుని అద్దంలోంచి ఎటో చూస్తోంది.

తోమాసు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయనకి ఏం మర్యాద చెయ్యాలో తోచలేదు. "ఇల్లు ఈ వెనకేనండి అమ్మగారూ. వానలో ఎందుకు, లోపలికి రండి. హోటల్ నుంచి కాఫీ తెప్పిస్తాను."

"హోటల్ది ఎందుకండీ? మీ ఇంట్లో పెట్టరా? చక్కెర తక్కువ వెయ్యమనండి, నాకు షుగరు," అంటూ ఆవిడ ఆయన వెంట లోపలికి వెళ్ళిపోయింది. తోమాసు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, విన్నది నిజమేనా అన్నట్టు.

అప్పుడు దిగింది వాగ్దేవి.

"అమ్మ సంతోషపడిందని మీరు చేసింది మంచి పని అయిపోదు."

"అవదండి."

"నేను ముట్టొద్దన్నాను."

"అన్నారండి."

"అమ్మ మనసులో ఇంత ఉందని నాకు తెలీదు. నేను అడగలేదు, అది నా తప్పు. అయినా నాకు మాత్రం పోయిందే. రోజూ పొద్దున్నే చెయ్యి అక్కడికే వెళ్తుంది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఎందుకు చేశారండీ? నిజం చెప్పండి."

అద్దం ముందు అనుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు మధుబాబుకి.

"మీరు ఏడుస్తుంటే చూడలేకపోయానండి. మీరంటే నాకు ఇష్టం. అడిగి ఉంటే మీరు వద్దనేవారు. వద్దంటే మీకివ్వడానికి నా దగ్గర ఇంకేం లేదు. నా చేతనైంది ఆ పనొక్కటే. అందుకని అడక్కుండా చేశాను. మా నాన్న చెప్పినట్టు నా కోసమే చేసుకున్నాను."

ఆమె మడ్‌గార్డు మీద పడ్డ చినుకుల్ని చేత్తో తుడిచింది. తుంపర రేకుల మీద సన్నగా చప్పుడు చేస్తోంది.

"ఇంకెప్పుడైనా నా విషయంలో ఏదైనా చెయ్యాలనిపిస్తే?"

"ముందు అడుగుతానండి. వద్దంటే ఆగిపోతాను."

"మర్చిపోరుగా?"

"చచ్చినా మర్చిపోను."

లోపల్నుంచి పెద్దావిడ నవ్వు వినపడింది. తోమాసు ఏదో చెబుతున్నాడు. వాగ్దేవి అటు చూసి, మళ్ళీ ఇటు తిరిగింది.

"కోపం పోయిందాండీ?" అన్నాడు మధుబాబు, ప్రాణాలు చిక్కబట్టుకుని.

"పోలేదు."

"ఎప్పుడు పోద్దండి?"

"నాకేం తెలుసు? శనివారం దిగుతాను, అప్పటికి పోయిందో లేదో చూద్దాం. పోకపోతే ఆ పై శనివారం."

"బండి మీ దగ్గరే ఉంటదిగా. ఇక్కడ మీకు పనేం ఉంటదండి?"

"ఏ పనీ లేదు," అంది వాగ్దేవి. "అయినా వస్తాను."