ఏడో పాటలో చప్పుడు

రికార్డుల షాపులో ఆ మధ్యాహ్నం పాతిక కుర్చీలు వేస్తే పాతికా నిండాయి. అన్నదమ్ములిద్దరు చేసిన రాక్ ఆల్బమ్ వచ్చి ఏడాదైందని షాపాయన పెట్టిన చిన్న సభ అది. అభిమానులు ఒక్కొక్కరే లేచి మాట్లాడుతుంటే గిటారాయన మూలన కూర్చుని తన కాళ్ళ వంక చూసుకుంటున్నాడు. మెచ్చుకోళ్ళు అతనికి కొత్త కాదు. తలెత్తి వినడం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు.

"రాక్ అంటే చెవులు చిల్లులు పడే గోల అనుకునేవాణ్ణి," అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు. "మా మనవరాలు బలవంతాన వినిపించింది. రెండో పాటలో తాళం కుట్టుమిషనుదని తెలిసి మళ్ళీ విన్నాను. ఇక వదల్లేదు. మా ఆవిడైతే మన మిషను మళ్ళీ మొరాయిస్తోందా అని పక్కగదిలోంచి వచ్చి చూసింది."

అందరూ నవ్వారు. ఆ మిషను గిటారాయన అమ్మది. తొక్కింది తమ్ముడు. పాటలన్నీ పాడిందీ తమ్ముడే.

వెనక వరసలోంచి ఒక నర్సు లేచింది. "నాకు ఏడో పాట ప్రాణం. అందులో ఇనప దెబ్బలున్నాయి చూడండి, ఎవరో తలుపు కొడుతున్నట్టు. మొదట గట్టిగా, పోను పోను నీరసంగా. అలా తగ్గించాలన్న ఆలోచన ఎవరిది సార్?"

"తమ్ముడిది," అన్నాడు గిటారాయన.

ఆలోచన ఎవరిదీ కాదు. మూతపడ్డ ఫ్యాక్టరీలో ఎండిపోయిన నీళ్ళ ట్యాంకు ఉంది, బయటి నుంచి మాత్రమే తెరుచుకునే ఇనప తలుపుతో. లోపల పాడితే గొంతు గుండ్రంగా తిరిగి వస్తుందని కనిపెట్టింది గిటారాయనే. తమ్ముడికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. "ఊపిరాడకపోతే తలుపు కొడతాను, తీసెయ్ అన్నయ్యా" అని నవ్వుతూ లోపలికెళ్ళాడు. పాట అయ్యాక కొట్టాడు. హెడ్‌ఫోన్లలో ఆ చప్పుడు అద్భుతంగా ఉంది. ఇలాంటిది ఎవరూ విని ఉండరు. ఇంకొక్క నిమిషం అనుకున్నాడు గిటారాయన. ఆ నిమిషం అయ్యాక ఇంకొకటి. తలుపు తీసేసరికి తమ్ముడు గడప దగ్గరే ఊపిరి లేకుండా పడి ఉన్నాడు.

టీకి వెళ్ళాను, వినపడలేదు... అమ్మతో అలాగే చెప్పాడు. పోలీసులతోనూ అంతే. చప్పుడు మాత్రం పాటలో ఉంచేశాడు.

"అయితే ఏడో పాటే వేద్దాం," అన్నాడు షాపాయన.

అందరి మధ్యా కూర్చుని అది వినడం గిటారాయన వల్ల కాలేదు. "మీరు వినండి. నేనలా లోపల కూర్చుంటాను," అని షాపు చివర ఉన్న చిన్న గదిలోకి వెళ్ళాడు. కొనేముందు రికార్డు విని చూసుకునే గది అది. గోడలకు మెత్త, తలుపులో చిన్న అద్దం. తలుపు మూసుకోగానే బయటి శబ్దం కత్తిరించినట్టు ఆగిపోయింది. ప్రాణం కుదుటపడింది.

లైటు ఆరిపోయింది.

ముందు వాసన వచ్చింది. తుప్పు, నాచు, ఏళ్ళ తరబడి గాలి తగలని చెమ్మ. తరవాత, మోకాళ్ళకు దగ్గరగా, సన్నగా ఈలలాంటి శబ్దం. లాగుతోంది... ఆగుతోంది... మళ్ళీ లాగుతోంది. ఆ ఆయాసం అతనికి తెలుసు. ఒకే మంచం మీద పక్కన పడుకుని పదిహేనేళ్ళు విన్నాడు.

తలుపు తోశాడు. రాలేదు. కొట్టాడు. మెత్త ఉన్న తలుపు మీద చెయ్యి పడితే ఇనుము మోగింది.

అద్దంలోంచి బయట అందరూ కనబడుతున్నారు. కళ్ళు మూసుకుని వింటున్నారు. మాస్టారు మోకాలి మీద తాళం వేస్తున్నారు. గిటారాయన కొట్టిన ప్రతి దెబ్బకీ ఆయన వేలు సరిగ్గా పడుతోంది.

"తలుపు తియ్యండి... ఎవరైనా..."

నర్సు తల ఊపింది, పాట నచ్చినట్టు.

గాలి తగ్గుతోంది. చేతులు బరువెక్కాయి. అప్పుడు చెవి పక్కనే వినబడింది.

"ఇంకొక్క నిమిషం అన్నయ్యా... భలే వస్తోంది."

అతను కూలబడ్డాడు. "విన్నానురా," అన్నాడు ఏడుస్తూ. "నువ్వు కొడుతుంటే విన్నాను. విని కూడా తియ్యలేదు..."

తలుపు తెరుచుకుంది. లైటు వెలుగుతూనే ఉంది. షాపాయన అయోమయంగా నిలబడి ఉన్నాడు. "ఏమైంది సార్? ఊరికే తోస్తే వచ్చేది కదా. దీనికి గడియే లేదు."

నర్సు అతని చేతుల వంక చూసింది. వేళ్ళ కణుపులు చిట్లి రక్తం కారుతోంది. తనకు తెలియకుండానే చేతిరుమాలు తీసి అందించింది. ఆమె మొహంలో ఇందాకటి ఆనందం లేదు.

"పాట చివర ఇంతకు ముందెప్పుడూ లేని గొంతొకటి వచ్చింది," అంది మెల్లగా. "విని కూడా తియ్యలేదు, అంది. అది మీ గొంతే కదా సార్?"

పాతిక మందీ అతని వైపే చూస్తున్నారు. అతను చెప్పేశాడు. దాచకుండా, ట్యాంకు దగ్గర్నుంచి టీ అబద్ధం దాకా. మాస్టారు తన చేతిలోని రికార్డును కుర్చీ మీద బోర్లా పెట్టి వెళ్ళిపోయారు.

పోలీసుల దగ్గరికి వెళ్ళేముందు అమ్మకు తనే చెప్పాలనుకున్నాడు. ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం చెప్పాడు.

అమ్మ కుడుతున్న బట్టను మిషను మీదే వదిలేసింది.

"ఎంతసేపు కొట్టాడు?" అని అడిగింది.

"నాలుగు నిమిషాలమ్మా."

ఆమె కళ్ళు తుడుచుకుంది. అతను లేచి లోపలికొచ్చి, అలవాటుగా తన వెనక గుమ్మం తలుపు వెయ్యబోయాడు.

"వెయ్యకు," అంది అమ్మ, అతని భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తూ. "వాడింకా చెప్పులు విప్పుకుంటున్నాడు."