ఎనిమిది సీసాల గాలి

అనంతపురం బస్టాండు ఎదుట కాఫీ హోటల్లో ప్రొఫెసర్ శ్రీరంగప్ప రెండో గుక్క తాగాడు. మూడో గుక్కకు ఆయన లేడు.

సర్వరు ఎండదెబ్బేమో అనుకుని మొహాన నీళ్ళు చల్లాడు. అందులో అతని తప్పేమీ లేదు. 1986 ఏప్రిల్ నెల అది. ఆ ఊళ్ళో ఆ నెలలో మనిషి కూలిపోతే ఎవరైనా ముందు ఎండనే అనుమానిస్తారు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మాత్రం కాఫీలో సైనైడ్ ఉందన్నాడు. పక్క టేబుల్ దగ్గర టోపీ పెట్టుకుని కూర్చున్న మనిషి అప్పటికే మాయమయ్యాడు. ప్రొఫెసర్ చొక్కా లోపలి జేబులో పోలీసులకు ఒక చీటీ దొరికింది. దాని మీద ఒకే ముక్క ఉంది: "బెళుగుప్ప చెన్నమ్మ దగ్గర ఎనిమిది."

మూడోనాటికి ఆ చీటీ ఢిల్లీలో, బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ దివాకర్ టేబుల్ మీదికి చేరింది. ఎదురుగా ఏజెంట్ నైంటీన్ నిలబడి ఉన్నాడు. ఇంట్లో పెట్టిన పేరు కుళ్ళాయప్ప. ధర్మవరంలో పట్టుమగ్గాల చప్పుడు వింటూ పెరిగి, చదువుకుని, ఎక్కడెక్కడో తిరిగి ఈ ఉద్యోగంలో తేలినవాడు.

"ఎనిమిది ఏమిటి సార్? వజ్రాలా?"

"సీసాలు. స్టీలువి."

"వాటిలో?"

"గాలి."

కుళ్ళాయప్ప నవ్వాడు. చీఫ్ నవ్వలేదు. చీఫ్ నవ్వని చోట నవ్వినవాడికి ఆ డిపార్ట్‌మెంట్లో ప్రమోషన్ రాదు. కుళ్ళాయప్ప వెంటనే నవ్వు మింగేశాడు.

"మీథేన్ గురించి విన్నావా?"

"గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది."

"అదే. పశువుల తేన్పుల్లో ఉంటుంది. వరిమడి బురదలోంచి వస్తుంది. బొగ్గు గనుల్లోంచి, లీకయ్యే గ్యాసు పైపుల్లోంచి కూడా వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుందట. ఏటికేడు ఆకాశంలో అది పెరుగుతోంది. దాంతో భూమి వేడెక్కి, వానలు లెక్క తప్పుతాయని సైంటిస్టుల భయం."

"మా జిల్లాలో వానలు లెక్క ప్రకారం ఎప్పుడు పడ్డాయి సార్?"

చీఫ్ ఆ మాట విననట్టు ఫైలు తిప్పాడు. శ్రీరంగప్ప 1978 నుంచి ఏటా వేసవిలో బెళుగుప్ప దగ్గరి గుట్ట ఎక్కి, పంపుతో కొట్టి, ఒక సీసా నిండా గాలి పట్టి, మూత బిగించి లక్క వేసేవాడు. ఎనభై అయిదు దాకా ఎనిమిది సీసాలు. ఆ గాలిలోని మీథేన్ పశువుల కడుపులోంచి వచ్చిందా, భూమి అడుగున గనుల్లోంచి, పైపుల్లోంచి వచ్చిందా అని చెప్పగల యంత్రం మన దేశంలో లేదు. అందుకని జెనీవాకు తనే స్వయంగా పట్టుకెళ్ళబోయాడు. ఈ మీథేన్ నేరం ఎవరిదో తేల్చడానికి అక్కడ తొమ్మిది రోజుల్లో దేశాల రహస్య సమావేశం ఉంది.

"'ఆర్కిడ్' అనే ముఠా ఆయన్ని చంపింది. కారే పైపుల సొంతదారులు పోషిస్తున్న ముఠా అది. నేరమంతా బీదదేశాల పశువుల మీదికి తోసేయాలని వాళ్ళ ప్లాన్. అది నెగ్గితే మన కరువు జిల్లాల గడ్డి శిబిరాలకు వచ్చే విదేశీ సాయం ముందు ఆగిపోతుంది. పశువులు తగ్గించుకోండి, అప్పుడు చూద్దాం అంటారు."

"సీసాలు పోతే మళ్ళీ పట్టలేమా?"

"డెబ్భై ఎనిమిదిలో వీచిన గాలిని ఇప్పుడు ఎక్కడ పడతావు? ఒక్క మూత తెరిస్తే ఆ సంవత్సరం పోయినట్టే." చీఫ్ కళ్ళజోడు తీశాడు. "నిన్నే ఎందుకు పంపుతున్నానో తెలుసా? నువ్వు ఆ ప్రాంతం వాడివి. అక్కడి మాట, అక్కడి మర్యాద నీకు తెలుసు."

కుళ్ళాయప్ప ఛాతీ కాస్త పొంగింది. ఆ పొంగును తర్వాత చాలా రోజులు తల్చుకుని సిగ్గుపడ్డాడు.

మారువేషం, గోబర్ గ్యాసు మెకానిక్కు. ఖాకీ చొక్కా, చేతిలో స్పానరు, భుజాన ట్రాన్సిస్టరు. ఆ ట్రాన్సిస్టరు మీథేన్ దగ్గరికి పోతే బీప్ అంటుంది. దాని ఏరియల్లో మత్తుసూది ఉంది. దారిలో లోరా అనే ఆమె కలుస్తుంది. ఆర్కిడ్‌లో ఉంటూ మనకు సమాచారం అందించే డబుల్ ఏజెంట్. కోడ్ ప్రశ్న: "ఈసారన్నా వాన పడతాదా?" జవాబు: "పడితే అప్పుడు చూద్దాంలే."

"ఎవరికీ అనుమానం రాదు," అన్నాడు చీఫ్ గర్వంగా.

నిజమే, ఎవరికీ రాలేదు. బెళుగుప్ప బస్సులో కుళ్ళాయప్ప కిటికీ పక్కన కూర్చుని, ప్రయోగం చేద్దామని కండక్టరును అడిగాడు.

"ఈసారన్నా వాన పడతాదా అన్నా?"

"పడితే అప్పుడు చూద్దాంలేప్పా," అన్నాడు కండక్టరు టికెట్టు చింపుతూ.

వెనక సీట్లో తలపాగా ముసలాయన కూడా, అడక్కుండానే, అదే మాట అన్నాడు. కుళ్ళాయప్ప లెక్కన ఆ బస్సులో యాభైమంది ఏజెంట్లు ఉన్నారు. యాభై ఒకటో ఏజెంటు నల్లకళ్ళజోడు పెట్టుకుని, జీన్సు ప్యాంటు వేసుకుని, మెడలో కెమెరాతో అతని పక్కన వచ్చి కూర్చుంది. కరువు ఫోటోలు తీయడానికి వచ్చిందట. కోడ్ ప్రశ్న అడిగితే బెంగళూరు తెలుగులో మెల్లగా జవాబు చెప్పింది. ఆమే లోరా. బస్సు బస్సంతా ఆమెనే చూసింది. రహస్యం అంటే అలా ఉండాలి మరి.

బెళుగుప్ప బయట గడ్డి శిబిరంలో రెండొందల పశువులు కట్టేసి ఉన్నాయి. డొక్కలు లోపలికి పోయి, ఎముకలు బయటికి వచ్చి ఉన్నాయి. శిబిరంలో అడుగు పెట్టగానే ట్రాన్సిస్టరు బీప్ బీప్ అని గోల పెట్టి మరి ఆగలేదు. పస్తులున్న ఆవులు నెమరు వేస్తూ జాలిగా దానివైపు చూశాయి. ప్రపంచాన్ని వేడెక్కించే దుర్మార్గులు ఇవేనా అనుకున్నాడు కుళ్ళాయప్ప.

చెన్నమ్మకు యాభై దాటి ఉంటాయి. ఎర్రావు ముందు కూర్చుని గడ్డి పరకలు ఒక్కొక్కటే దానికి అందిస్తోంది.

"గ్యాసు రిపేరుకు వచ్చినావా నాయనా? ఆ ట్యాంకు సచ్చి రెండేండ్లాయ. పేడ యాడిది? తింటే కదా ఏసేది!"

"నేను శ్రీరంగప్ప సారు కోసం వచ్చినామ్మా."

ఆమె చేయి ఆగిపోయింది. "ఎనిమిదేండ్లు ఆయప్ప పెట్టె నెత్తిన పెట్టుకుని గుట్టెక్కినా. కూలిదాన్ని చూసినట్టు ఏనాడూ చూడల్యా. అమ్మా అనేటోడు. సచ్చిపోయినాడని రేడియోలో చెప్పిరి." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆయప్ప సామాను ఇంటోళ్ళకు పంపియ్యల్ల కదా. నిన్ననే అంతా సిద్ధం చేసి పెట్టినా. రాప్పా."

సిద్ధం చేయడం అంటే ఏమిటని కుళ్ళాయప్ప అడగలేదు. పెట్టె ఉంది, అది చాలు అనుకున్నాడు.

చెన్నమ్మ ఇంటి వెనక గోబర్ గ్యాసు గొయ్యి ఎండి పగుళ్ళిచ్చింది. దాని మీద ఇనప డ్రమ్ము బోర్లా పడి ఉంది. ఇద్దరూ కలిసి డ్రమ్మును పక్కకు దొర్లించారు. కింద కొయ్యపెట్టె. అందులో పత్తి మధ్య ఎనిమిది స్టీలు సీసాలు, ఒక్కోదాని మీద ఒక్కో సంవత్సరం. కుళ్ళాయప్ప ఊపిరి పీల్చుకున్నాడు.

"థాంక్యూ నైంటీన్," అంది వెనకనుంచి లోరా. ఆమె చేతిలో ఇప్పుడు కెమెరా లేదు, పిస్తోలు ఉంది. గోడ పక్కన జీపులోంచి టోపీ మనిషి దిగాడు. "ఈ జిల్లాలో ఎంతమంది చెన్నమ్మలున్నారో తెలుసా? నువ్వు దారి చూపించకపోతే ఏడాది తిరిగేవాళ్ళం."

"నువ్వు మా మనిషివని చీఫ్ చెప్పారే!"

"మీ చీఫ్‌కు నేను చెప్పిందే నీకు ఆయన చెప్పాడు."

కుళ్ళాయప్ప చేతులెత్తాడు. మిట్టమధ్యాహ్నం. కేకేస్తే పలికే మనిషి లేడు, ఊరు ఊరంతా శిబిరంలో ఉంది. లోరా పిస్తోలు టోపీ మనిషికిచ్చి, పెట్టెలోంచి మొదటి సీసా తీసింది. '1978'. మూత మీద అరచేయి వేసింది.

"ఎనిమిది మూతలు, ఎనిమిది తిప్పులు. చప్పుడు కూడా ఉండదు. తర్వాత అంతా మీ ఆవుల తప్పే."

మూత అర చుట్టు తిరిగింది.

అప్పుడు చెన్నమ్మ కదిలింది. భుజాన ఉన్న పలుపుతాడును, బెదిరిన ఎద్దు మెడకు విసిరినట్టే, టోపీ మనిషి మెడకు విసిరి లాగింది. పిస్తోలు గాల్లోకి పేలింది. కుళ్ళాయప్ప స్పానరు వాడి మోచేతి మీద పడింది. మరు క్షణంలో ఏరియల్ సూది లోరా మణికట్టులో దిగింది. ఆమె చేతిలోంచి సీసా జారింది. కుళ్ళాయప్ప బోర్లా దూకి, నేలకు జానెడు ఎత్తులో దాన్ని పట్టుకున్నాడు.

మూత ఊడలేదు. డెబ్భై ఎనిమిది భద్రం! మట్టిలో పడుకునే అతను నవ్వాడు. సీసాను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

గలగలమంది.

"చెన్నమ్మా, ఇందులో ఏందో కదులుతాండాదే?"

"కొర్రలప్పా," అంది చెన్నమ్మ, టోపీ మనిషి చేతులు కట్టేస్తూ.

"కొర్రలా?"

"ఉత్త గిన్నె ఎట్ల పంపిస్తాం నాయనా? అదీ సచ్చిపోయిన మనిషి సామాను. ఇంటోళ్ళకు మంచిది కాదు కదా. లక్క గీకి మూతలు తీసి చూస్తే దేంట్లోనూ ఏమీ ల్యా. ఉస్సుమన్యాయి, అంతే. దీంట్లో రెండు పిడికిళ్ళు, దాంట్లో రెండు పిడికిళ్ళు పోసి మళ్ళీ బిగించినా. విత్తనానికి దాచిన కొర్రలే అవి. ఇంగేం ల్యాకపాయ ఇంట్లో."

కుళ్ళాయప్ప ఒక్కొక్క మూతా తీశాడు. డెబ్భై తొమ్మిది, ఎనభై, ఎనభై ఒకటి. కొర్రలు, కొర్రలు, కొర్రలు. ఎనిమిది సంవత్సరాలూ నిన్న ఈ ఇంట్లోనే, ఈమె చేతుల్లోంచే, ఉస్సుమని పోయాయి. అతను బస్సెక్కేటప్పటికే అంతా అయిపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాడు. ఇక్కడ ఎలుక కూడా లేదు, అది తినాల్సిన గింజలున్నాయి.

గోడకు చేరగిలబడిన లోరా సీసాలోకి తొంగి చూసింది. మత్తు కమ్ముకొస్తున్నా పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆమె మొహం వాడిపోయింది. "వీటి కోసమా ఆ ప్రొఫెసర్ని..." అని, మాట పూర్తి చేయకుండానే నిద్రలోకి జారిపోయింది.

ధర్మవరంలో కుళ్ళాయప్ప అమ్మ పక్కింటి చెంబు తిరిగిచ్చేటప్పుడు బెల్లం ముక్కో, గుప్పెడు గింజలో వేయకుండా ఏనాడూ ఇవ్వలేదు. ఏమీ లేనినాడు రెండు తులసాకులైనా వేసేది. మర్యాద నీకు తెలుసు అన్నాడు చీఫ్. తెలిసి ఏం లాభం? అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? కరువులో ఉన్న ఆఖరి విత్తనం చచ్చిపోయిన మనిషి ఇంటికి పంపబోయిన మనిషి మీదా? కుళ్ళాయప్ప అక్కడే కూలబడ్డాడు.

"ఇవి నువ్వే తీసుకోమ్మా. విత్తనానికి కావల్ల కదా."

"ఏమప్పా, ఇచ్చింది ఎనక్కి తీసుకుంటారా యాడన్నా?" అని చెన్నమ్మ మూతలన్నీ మళ్ళీ గట్టిగా బిగించింది.

పోస్టాఫీసు నుంచి ట్రంక్‌కాల్ దొరకడానికి గంట పట్టింది.

"శభాష్ నైంటీన్! ముఠా దొరికింది, సీసాలు దొరికాయి. మరి వాటిలో గాలి లేదంటావు, ఎక్కడుంది?"

"మీ గదిలో కూడా ఉండొచ్చు సార్. ఒకసారి పీల్చి చూడండి."

అవతల ఫైలు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత చీఫ్ నెమ్మదిగా, "ఆపరేషన్ సక్సెస్ అనే రాస్తాను. ఇంకోలా రాయడానికి ఫారంలో చోటు లేదు," అన్నాడు.

జెనీవాలో నేరం పశువుల మీదే పడింది. కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. హత్యకేసులో సాక్ష్యం కింద సీసాలు ఢిల్లీలో ఇనప బీరువాకు చేరాయి. వాటికి కొత్త లక్క, కొత్త ముద్ర, ఇద్దరు కాపలా. ఒక్కోదాని మీద ఎర్రసిరాతో 'తెరవరాదు'.

జూన్ చివర కుళ్ళాయప్ప సెలవు పెట్టి, గడ్డిమోపు ఒకటి కొని, బెళుగుప్ప పోయాడు. శిబిరం ఎత్తేశారు, గుంజలు మాత్రం మిగిలాయి. ఎర్రావు చెన్నమ్మ గుమ్మం ముందు పడుకుని ఉంది. లేవలేదు. మోపు విప్పి ముందు పెడితే మూతి ఆనించి ఊరుకుంది.

"ఆయప్ప ఇంటోళ్ళకు కొర్రలు అందినాయా నాయనా?"

అబద్ధం ఆడటం అతని ఉద్యోగం. ఆరు దేశాల్లో తడబడకుండా ఆడాడు. ఇక్కడ మాత్రం ఆవు వైపు చూస్తూ ఆడాడు.

"అందినాయమ్మా."

"అంతే సాలు." చెన్నమ్మ ఆవు గంగడోలు నిమురుతూ తెల్లటి ఆకాశంలోకి చూసింది. "ఈసారన్నా వాన పడతాదా అప్పా?"

మీథేన్ గురించి, వేడి గురించి, జెనీవా గురించి ఆ జిల్లాలో అందరికంటే ఎక్కువ తెలిసిన ఏజెంట్ నైంటీన్ ఇంకో గడ్డిపరక తీసి ఆవు మూతి దగ్గర పెట్టాడు.

"పడితే అప్పుడు చూద్దాంలేమ్మా," అన్నాడు.

కోడ్ ప్రకారం జవాబు సరిగ్గానే ఉంది.