పగడపు మొగ్గలు

మద్దిలపాలెంలో రంగుచేపల కొట్టు నడిపే సన్యాసిరాజు దగ్గర సరుకు కంటే మాటలెక్కువ. ఆ రోజు మాత్రం గఫూర్ మొహం చూసి కావలసినంతే మాట్లాడాడు. మెత్తటి పగడాలు మొలిచిన రాళ్ళు మూడు ఉప్పునీళ్ళ సంచిలో పెట్టి కట్టాడు. ఒక్కో రాయి నిండా గుండీలంత మొగ్గలు.

"ఇయ్యి మొండి రకం, బావా. కొత్తోళ్ళ సేతిలో కూడా సావవు. ఏటైనా తగిల్తే మూసుకుంటాయి, మళ్ళీ అయ్యే ఇచ్చుకుంటాయి. ఒట్టి సేత్తో మాత్రం ముట్టుకోకు. ఇసం. గ్లవ్స్ ఏసుకో."

గఫూర్ తలూపి వచ్చేశాడు. వన్ టౌన్‌లో పాతికేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్న మనిషి. గ్లవ్స్ వేసుకుంటే చిన్న స్క్రూ చేతికి తెలియదు. వేళ్ళకి తెలియని పని అతను ఏనాడూ చెయ్యలేదు.

ఇంట్లో ఉన్న గాజుతొట్టి కూతురు నర్గీస్ కోసం కొన్నది. తొమ్మిదేళ్ళ పిల్ల. "చేపలొద్దు అబ్బాజాన్, సముద్రంలో పువ్వులు కావాలి" అని పేచీ పెట్టి మరీ కొనిపించింది. తొట్టి ఇంటికొచ్చిన వారానికే బీచ్‌లో అల ఆ పిల్లని లాక్కుపోయింది. గఫూర్ తన కుడిచేత్తో కూతురి ఎడమచెయ్యి పట్టుకునే ఉన్నాడు. జేబులో ఫోను తడుస్తోందని ఒక్క క్షణం వదిలాడు. ఫోను ఇప్పటికీ పనిచేస్తోంది. పిల్ల మూడో రోజున ఒడ్డుకొచ్చింది.

పది నెలలైంది. అతనికి ఏడుపు రాలేదు. తింటున్నాడు, దుకాణానికి వెళుతున్నాడు, ఏదీ రుచి లేదు. పిల్లకిచ్చిన మాట గదా అని మాత్రం తొట్టిలో ఉప్పునీళ్ళు నింపాడు, దీపం పెట్టాడు, ఇప్పుడీ రాళ్ళు తెచ్చాడు. వాటిని ఉత్త చేతుల్తోనే తొట్టి అడుగున వరసగా పేర్చాడు. చూపుడు వేలికి పట్టకారు గీరిన గాటుందన్న సంగతే గుర్తు లేదు.

తెల్లారేసరికి కుడిచెయ్యి మణికట్టు దాకా మొద్దుబారిపోయింది. దుకాణంలో టీ గ్లాసు కాలలేదు. స్క్రూలు జారిపోతున్నా తెలియలేదు. డాక్టరుకి చూపించుకోమని భార్య గులాబ్ బీ పోరింది. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇన్నాళ్ళూ లోపలున్నదే చేతికీ వచ్చిందనుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చివరి రాయి ఒరిగి ఉంది. బయట ఇంకా వెలుతురుంది. గదిలో మాత్రం తొట్టి దీపపు నీలం, పంపు గుర్రుమనే చప్పుడు, తడి ఇసుక వాసన. రాయి సరిచేద్దామని మొద్దుచేతినే ముంచాడు. తగిలిన చోటల్లా మొగ్గలు ముడుచుకున్నాయి. నీళ్ళ చల్లదనం తెలియలేదు. రాతి గరుకు తెలియలేదు.

వేళ్ళ సందున వేళ్ళు తెలిశాయి.

చిన్నవి... మెత్తనివి. రెండుసార్లు నొక్కాయి. రోడ్డు దాటేటప్పుడు నర్గీస్ అలాగే నొక్కేది, పద అని.

తొట్టిలోకి చూశాడు. తన చెయ్యి తప్ప ఏమీ లేదు. భయం వేసింది, నిజమే. భయం కంటే సంతోషమే ఎక్కువ వేసింది. తిరిగి రెండుసార్లు నొక్కాడు. ఈసారి వదలకూడదు, అంతే.

"ఏటండీ సేత్తన్నారు?" గుమ్మంలోంచి గులాబ్ బీ గొంతు.

"పాప..." గుసగుసగా అన్నాడు. "నా సెయ్యి పట్టుకుంది. అదే సెయ్యి, ఎడంది. నాను వొదిలేసింది."

ఆమె పిచ్చి పట్టిందా అనలేదు. గోడకి ఆనుకుంది.

"మీకో మాట సెప్పలేదు. ఆకరి తానం నానే పోశాను గదా... దాని కుడి మణికట్టు మీద మచ్చలున్నాయి. నల్లగా. పెద్ద సేతి ఏళ్ళు. మీరు పట్టుకున్నప్పటియి అనుకున్నాను."

"నాను కుడిసెయ్యి పట్టుకోలేదు."

"తెలుసు. మట్టి ఇచ్చేసినాక తట్టింది, ఆ ఏళ్ళు మీయి కావని." ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చింది. "సెయ్యి తీసేయండి."

గఫూర్ కదల్లేదు. చిన్న వేళ్ళు మళ్ళీ నొక్కాయి. ఈసారి గట్టిగా... గబగబా... పద అన్నట్టు లేదు.

అతని చెయ్యి వరసకి ఈ చివర ఉంది. ఆ చివర, మొదటి రాయి మీద, ఒక మొగ్గ మూసుకుంది. దాని పక్కది మూసుకుంది. ఆ పక్కది...

తొట్టిలో ఒక్క చేప కూడా లేదు.

"వొదిలేయండి..." గులాబ్ బీ ఏడుస్తోంది.

అతను వదల్లేదు. రెండో రాయి దాటి మొగ్గలు ఒక్కొక్కటే ముడుచుకుంటూ ఇటు వస్తున్నాయి.